తొమ్మిది మందిలో ఒకరు: సియాటిల్ కౌన్సిల్‌లో క్షమా సావంత్ పదేళ్లు

అమెరికాలోని సియాటిల్ సిటీ కౌన్సిల్‌లో సభ్యులు తొమ్మిది మందే. 2014 జనవరి నుంచి 2023 చివరి దాకా ఆ తొమ్మిది మందిలో ఒకరు క్షమా సావంత్. సోషలిస్ట్ ఆల్టర్నేటివ్ అనే చిన్న మార్క్సిస్టు పార్టీ మనిషి. ఆ పార్టీ నుంచి రెండో సభ్యుడు ఆ సభలో ఎప్పుడూ లేడు. చుట్టూ ఉన్నవాళ్లు దాదాపు అందరూ డెమోక్రాటిక్ పార్టీ నీడలో ఎదిగినవాళ్లు, ఆమె మాటతీరు వాళ్లలో చాలామందికి నచ్చేది కాదు. బడ్జెట్ మీద ఓటింగ్ జరిగితే వ్యతిరేకంగా లేచే ఏకైక చెయ్యి ఆమెదే అయిన సందర్భాలు చాలా ఉన్నాయి. అయినా ఆ పదేళ్లలో నగరం చేసిన పెద్ద చట్టాలను చూస్తే గంటకు 15 డాలర్ల కనీస వేతనం, అద్దెదారులకు రక్షణ, భారీ కంపెనీల మీద పన్ను, కులవివక్ష మీద నిషేధం కనిపిస్తాయి. వీటిలో ఆమె ప్రమేయం లేనిది ఒక్కటీ లేదు.

ఒక్క ఓటుతో ఇంత ఎలా జరిగిందన్నదే అసలు ప్రశ్న. వక్తగా ఆమె దిట్ట అని కొందరంటారు, పట్టుదల అని మరికొందరు. రెండూ నిజమే కావచ్చు. అవి మాత్రమే ఉన్నవాళ్లు ప్రతి ఊరి కౌన్సిల్‌లోనూ ఉంటారు, ఏమీ సాధించకుండానే దిగిపోతారు. సావంత్ కథలో ప్రతి మలుపు దగ్గరా సంతకాల కాగితాలు కనిపిస్తాయి. సియాటిల్‌లో పౌరులు తగినన్ని సంతకాలు సేకరిస్తే చట్టాన్ని నేరుగా ప్రజల ఓటుకు పెట్టొచ్చు. కౌన్సిల్ చేసిన చట్టాన్ని ఆపొచ్చు. ఎన్నికైన సభ్యులను వెనక్కి పిలిపించొచ్చు కూడా. మొదటి వీలును ఆమె వాడుకున్నారు, మిగిలిన రెండింటినీ ఆమె ప్రత్యర్థులు వాడారు. ఆ పదేళ్లూ ఈ పెనుగులాటే.

1973లో పుణెలో పుట్టి, ముంబైలో పెరిగిన తమిళ కుటుంబం పిల్ల ఆమె. తండ్రి సివిల్ ఇంజనీరు, తల్లి టీచరు. పదమూడేళ్ల వయసులో, తాగి కారు నడిపిన వ్యక్తి వల్ల జరిగిన ప్రమాదంలో తండ్రి పోయారు. 1994లో ముంబై విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ డిగ్రీ, ఆ తర్వాత అమెరికా, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇక్కడిదాకా ఈ దారి ఏ తెలుగు ఇంట్లో చెప్పినా కొత్తగా ఉండదు. అక్కడి నుంచి ఆమె దారి మారింది. ఇంత సంపద ఉన్న దేశంలో ఇంత పేదరికం ఎందుకు ఉందన్న ప్రశ్న వదలక, ఆర్థికశాస్త్రం వైపు తిరిగి 2003లో నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేశారు. 2006లో సియాటిల్ చేరి కాలేజీల్లో పాఠాలు చెప్పారు. 2010లో అమెరికా పౌరసత్వం వచ్చింది.

2011లో ఆర్థిక అసమానతలకు వ్యతిరేకంగా సాగిన ఆక్యుపై ఉద్యమం అమెరికా నగరాలను కదిలించినప్పుడు, సియాటిల్ నిరసనకారుల గుడారాలు నగరం నడిబొడ్డున ఉన్న పార్కు నుంచి సియాటిల్ సెంట్రల్ కాలేజీ ఆవరణకు మారాయి. ఆమె పాఠం చెప్పే కాలేజీ అదే. 2012లో బ్యాంకు జప్తు చేసిన ఒక ఇంటిని ఖాళీ చేయించకుండా అడ్డుపడి అరెస్టయ్యారు. అదే ఏడాది రాష్ట్ర ప్రతినిధుల సభ స్పీకర్ ఫ్రాంక్ చాప్ మీద పోటీచేసి ఓడిపోయారు. దాదాపు 29 శాతం ఓట్లు వచ్చాయి. ఆ అంకె చూసి ఆమె పార్టీకి ధైర్యం వచ్చింది. సోషలిస్టునని బాహాటంగా చెప్పుకున్న మనిషికి పదిమందిలో ముగ్గురు ఓటేశారంటే, నగరస్థాయి పోటీలో పరిస్థితి ఇంకా మెరుగ్గా ఉండొచ్చు కదా!

సియాటిల్‌కు ఆ నేపథ్యం ఉంది కూడా. 1919 ఫిబ్రవరిలో దాదాపు 65 వేల మంది కార్మికులు ఐదు రోజులపాటు నగరం మొత్తాన్ని ఆపేసిన సమ్మె అక్కడ జరిగింది. అంతకు ముందు 1916లో ఆన్నా లూయీ స్ట్రాంగ్ అనే వామపక్ష రచయిత్రి అక్కడి స్కూల్ బోర్డుకు ఎన్నికయ్యారు. యుద్ధాన్ని వ్యతిరేకించినందుకు రెండేళ్లకే, 1918లో, ఓటర్ల చేతే ఆమెను పదవి నుంచి దించారు. ఈ చివరి సంగతి గుర్తుపెట్టుకోవాలి.

2013 కౌన్సిల్ ఎన్నికల్లో సావంత్ ఎదుర్కొన్న రిచర్డ్ కాన్లిన్ నాలుగుసార్లు గెలిచిన పెద్దమనిషి. పర్యావరణం, రవాణా విషయాల్లో మంచి పేరున్నవాడు. 2011లో కార్మికులకు జీతంతో కూడిన అనారోగ్య సెలవు ఇవ్వాలన్న చట్టం కౌన్సిల్ ముందుకొచ్చినప్పుడు, వద్దని ఓటేసిన ఒకే ఒక్కడు మాత్రం ఆయనే. కార్మిక సంఘాలు దాన్ని మరచిపోలేదు. అదే సమయంలో ఫాస్ట్‌ఫుడ్ దుకాణాల్లో పనిచేసేవాళ్లు గంటకు 15 డాలర్లు కావాలంటూ న్యూయార్క్‌లో 2012 నవంబరులో, సియాటిల్‌లో 2013 మేలో సమ్మెకు దిగారు. సియాటిల్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలో అప్పటికి కనీస వేతనం 9 డాలర్ల 19 సెంట్లు. సావంత్ ఆ ఒక్క అంకెను పట్టుకున్నారు. ప్రచారమంతా 15.

వాషింగ్టన్‌లో ఓటింగ్ మొత్తం పోస్టులోనే జరుగుతుంది, లెక్కింపు రోజుల తరబడి సాగుతుంది. యువత, అద్దె ఇళ్లవాళ్లు చివరి రోజుల్లో ఓటు వేస్తారు. తొలిరోజు రాత్రి ఆమె ఏడు శాతానికి పైగా వెనకబడి ఉన్నారు. పత్రికలు ఓటమి రాసేశాయి. రోజురోజుకూ ఆ తేడా కరిగిపోయి, చివరకు సుమారు 3 వేల ఓట్లతో గెలుపు తేలింది. అదే ఎన్నికల్లో విమానాశ్రయం చుట్టూ ఉన్న సీటాక్ అనే చిన్న ఊరు 15 డాలర్ల వేతనాన్ని ప్రజల ఓటుతో, కేవలం 77 ఓట్ల ఆధిక్యంతో ఆమోదించింది.

కనీస వేతన చట్టం కథను కాస్త ఆగి చూడాలి, ఎందుకంటే తర్వాత జరిగిన ప్రతిదానికీ నమూనా ఇదే. కొత్త మేయర్ ఎడ్ ముర్రే యజమానులు, కార్మిక సంఘాలు, కౌన్సిల్ సభ్యులతో 24 మంది కమిటీ వేశారు. సావంత్ అందులో ఒక సభ్యురాలు. ఆ గదిలో ఆమె మాట నెగ్గే అవకాశం లేదు. అందుకే గది బయట '15 నౌ' పేరుతో ఒక సంస్థను నిలబెట్టారు. పెద్ద కంపెనీలు 2015 జనవరి 1 నుంచే 15 డాలర్లు ఇవ్వాలని, చిన్నవాటికి మూడేళ్ల గడువని నగరానికి రాజ్యాంగం లాంటి చార్టర్‌ను సవరించే ప్రతిపాదన రాసి, సంతకాలకు వీధుల్లోకి వెళ్లారు. కమిటీలో కూర్చున్న వ్యాపారులకు అసలు టెన్షన్ అప్పుడు మొదలైంది. ఇక్కడ రాజీకి రాకపోతే నవంబరులో ఓటర్లు సీటాక్ చేసిన పనే చేస్తారు, అది ఇంకా కఠినంగా ఉంటుంది. 2014 మే 1న ఒప్పందం కుదిరింది. జూన్ 2న కౌన్సిల్ 9-0తో చట్టం చేసింది.

ఆ చట్టం సావంత్ కోరుకున్నది కాదు. 500 మందికి మించి ఉద్యోగులున్న కంపెనీలకు మూడు నాలుగేళ్లు, చిన్నవాటికి ఏడేళ్ల గడువు ఇచ్చారు. కుర్రవాళ్లకు తక్కువ జీతం ఇవ్వడానికి వీలు కల్పించే నిబంధన తీసేయాలని, అమలు ఏప్రిల్‌కు బదులు జనవరిలోనే మొదలుకావాలని ఆమె పెట్టిన సవరణలు వీగిపోయాయి. వీగిపోయాక ఆమె చట్టానికి అనుకూలంగానే ఓటేశారు. ఆమెను రాజీలేని మనిషిగా పొగిడేవాళ్లూ తిట్టేవాళ్లూ ఇద్దరూ ఈ సంగతి దాటేస్తారు. బయట గట్టిగా అడిగి, లోపల దొరికినంత తీసుకుని, మర్నాడే మిగిలినదాని కోసం మళ్లీ బయటకు వెళ్లడం ఆమె పద్ధతి.

ఆ చట్టం మేలు చేసిందా అన్నదానిపై ఆర్థికవేత్తలే రెండుగా చీలారు. 2017 జూన్‌లో కొద్ది రోజుల తేడాతో రెండు అధ్యయనాలు వచ్చాయి. బర్కిలీ విశ్వవిద్యాలయ పరిశోధకులు హోటల్ రంగంలో జీతాలు పెరిగాయని, ఉద్యోగాలు తగ్గలేదని తేల్చారు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయం బృందం మాత్రం పనిగంటలు తగ్గి తక్కువ జీతగాళ్లు సగటున నెలకు 125 డాలర్లు నష్టపోయారని లెక్కగట్టింది. మరుసటి ఏడాది అదే బృందం, అనుభవమున్న కార్మికుల రాబడి పెరిగిందని, కొత్తగా పనిలోకి వచ్చేవాళ్లకే అవకాశాలు తగ్గాయని తన లెక్కను సవరించుకుంది. ఈ చర్చలో నిజాయితీగా చెప్పగలిగేది ఇంతే: కూలిపోతుందన్న నగరం కూలిపోలేదు, మేలు అందరికీ సమానంగానూ అందలేదు. ధరలను బట్టి ఏటా పెరిగే ఆ వేతనం 2025లో 20 డాలర్ల 76 సెంట్లకు చేరింది.

జీతం సంగతి ఒక మాట. అప్పట్లో కౌన్సిల్ సభ్యుల జీతం ఏటా లక్షా 17 వేల డాలర్ల దగ్గర ఉండేది. ఆమె 40 వేలు మాత్రమే ఉంచుకుని, పన్నులు పోగా మిగిలింది ఉద్యమాల నిధికి ఇస్తానని ముందే ప్రకటించి, అలాగే చేశారు. సగటు కార్మికుడికి ఎంత వస్తుందో అంతే చాలన్నది పార్టీ నియమం. రాజకీయంగా దీని ప్రయోజనం తక్కువేమీ కాదు. పైసల కోసం వచ్చిందన్న మాట ఆమె మీద ఎవరూ అనలేకపోయారు.

అద్దెదారుల విషయంలో ఆమె చేయించినవి చిన్న చిన్న చట్టాలే, కానీ వరసగా వచ్చాయి. ఇంట్లో దిగేటప్పుడు కట్టాల్సిన డిపాజిట్, ఫీజులకు పరిమితి పెట్టి, వాయిదాల్లో కట్టుకునే వీలు 2016లో వచ్చింది. చలికాలంలో ఇల్లు ఖాళీ చేయించకుండా రక్షణ 2020లో, ఖాళీ చేయించే కేసుల్లో పేదలకు ఉచిత న్యాయవాది 2021లో వచ్చాయి. అద్దె పెంచాలంటే ఆరు నెలల ముందు నోటీసు ఇవ్వాలన్నది కూడా 2021లోదే. అద్దెలకు గరిష్ఠ పరిమితి మాత్రం సాధించలేకపోయారు. వాషింగ్టన్ రాష్ట్రం 1981లోనే నగరాలకు ఆ అధికారం లేకుండా చేసింది. అందుకే, రాష్ట్రం నిషేధం ఎత్తేసిన రోజున అమల్లోకి వచ్చేలా నగర చట్టం చేసిపెట్టుకుందామని ఆమె 2023లో ప్రతిపాదిస్తే కౌన్సిల్ తోసిపుచ్చింది.

అమెజాన్‌తో గొడవ దీనికంటే పెద్దది. సియాటిల్ నడిబొడ్డున ఆ కంపెనీ పెరిగిన కొద్దీ జీతాలూ అద్దెలూ పెరిగాయి, గుడారాల్లో బతికేవాళ్లూ పెరిగారు. ఇళ్లు లేనివారి కోసం పెద్ద కంపెనీల నుంచి ఉద్యోగికి ఏటా 500 డాలర్ల చొప్పున వసూలు చేద్దామన్న ప్రతిపాదన 2018లో వచ్చింది. అమెజాన్ తన కొత్త భవనం ప్లానింగు ఆపేస్తున్నట్లు ప్రకటించింది. కౌన్సిల్ వెనక్కి తగ్గి 275 డాలర్లు చేసి, మే 14న 9-0తో ఆమోదించింది. ఇప్పుడు సంతకాలు పట్టింది వ్యాపారవర్గం. పన్నును ప్రజల ఓటుకు పెట్టి రద్దు చేయిస్తామంటూ డబ్బు పెట్టి ప్రచారం మొదలుపెట్టారు. నెల రోజులైనా గడవకముందే, జూన్ 12న, అదే కౌన్సిల్ తను చేసిన చట్టాన్ని 7-2తో రద్దు చేసుకుంది. చట్టం పక్షాన నిలబడింది సావంత్, మరో సభ్యురాలు తెరెసా మోస్కెడా. నెల క్రితం చేతులెత్తి ఆమోదించినవాళ్లు అంత తొందరగా తిరగబడటం కౌన్సిల్‌కు తీరని మచ్చ.

2019 ఎన్నికల్లో నగరంలోని ఏడు వార్డుల స్థానాలకూ పోటీ జరిగింది. నగర వ్యాపారుల సంఘమైన వ్యాపార మండలి తరఫు ప్రచార నిధికి అమెజాన్ మొత్తం 15 లక్షల డాలర్లు ఇచ్చింది. ఆ మండలి బలపరిచినవాళ్లలో ఇద్దరే గెలిచారు. తొలిరోజు లెక్కింపులో దాదాపు ఎనిమిది శాతం వెనకబడిన సావంత్, 2013లో లాగే, చివరి ఓట్లతో నాలుగు శాతం ఆధిక్యంతో బయటపడ్డారు. ఒక కార్పొరేటర్ స్థాయి ఎన్నికలో అంత డబ్బు చూసి ఓటర్లకు కోపం వచ్చింది. కంపెనీ ఖర్చు పెట్టకుండా ఊరుకుని ఉంటే ఆమె ఓడిపోయేవారేమో.

మరుసటి ఏడాది ఆమె పార్టీ 'టాక్స్ అమెజాన్' పేరుతో మళ్లీ సంతకాలు మొదలుపెట్టింది. కౌన్సిల్ 2020 జూలైలో 'జంప్‌స్టార్ట్' పన్నును 7-2తో ఆమోదించింది. జీతాల ఖర్చు ఏటా 70 లక్షల డాలర్లు దాటిన కంపెనీలు, లక్షన్నర డాలర్లకు మించిన జీతాల మీద కట్టే పన్ను ఇది. ఏటా 20 కోట్ల డాలర్ల పైన వస్తుందని అంచనా. దీన్ని రాసి, ఓట్లు కూడగట్టి, గట్టెక్కించింది మోస్కెడా. ఆ ఘనత ఆమెదే. కాకపోతే పక్కన ఇంకా భారీ పన్ను కోరుతూ సంతకాలు కదులుతుండగా మోస్కెడా బిల్లు మధ్యేమార్గంగా కనిపించింది. రెండేళ్ల క్రితం ఏనుగులా భయపెట్టిన పన్నుకంటే నాలుగింతలు పెద్దది ఈసారి సులువుగా దాటిపోయింది.

ఈ ప్రచారమే సావంత్‌కు చిక్కు తెచ్చింది. 'టాక్స్ అమెజాన్' కోసం నగర కార్యాలయ వనరులు వాడినట్లు తేలి, ఆమె 3,515 డాలర్ల జరిమానా కట్టారు. ఇది చిన్న తప్పు అనడం సరికాదు. ఉద్యమానికి, పదవికి మధ్య గీత ఉండనక్కర్లేదని నమ్మే మనిషి దగ్గర ఆ గీత దాటడం యాదృచ్ఛికం కాదు. 2020 జూన్‌లో జార్జి ఫ్లాయిడ్ హత్యపై నిరసనల సమయంలో, కోవిడ్ వల్ల మూసి ఉన్న సిటీ హాల్ తలుపు రాత్రిపూట తెరిచి వందలాది నిరసనకారులను లోపలికి రానిచ్చారు. మేయర్ జెన్నీ డర్కన్ ఇంటి ముందు జరిగిన నిరసనలో పాల్గొన్నారు. డర్కన్ గతంలో ఫెడరల్ ప్రాసిక్యూటర్ కావడంతో ఆమె చిరునామా రహస్యంగా ఉంచాల్సినది. ఈ మూడు ఆరోపణల మీద సావంత్‌ను పదవి నుంచి దించే ఓటింగుకు రాష్ట్ర సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో దారి ఇచ్చింది.

పదివేలకు పైగా సంతకాలు కావాలి. అప్పుడు సావంత్ వర్గం చేసిన పని విచిత్రంగా కనిపిస్తుంది: ఆమెను దించాలన్న పిటిషన్‌కు తామే సంతకాలు సేకరించారు. లెక్క సూటిగా ఉంది. నవంబరు సాధారణ ఎన్నికలతో కలిసి జరిగితే యువత, అద్దెదారులు ఓటేస్తారు. విడిగా డిసెంబరులో, థాంక్స్‌గివింగ్‌కు, క్రిస్మస్‌కు మధ్య జరిగితే ఆస్తిపరులైన పెద్దవాళ్లే వేస్తారు. ఆ ప్రయత్నం ఫలించలేదు. 2021 డిసెంబరు 7న ఓటింగు జరిగింది. సగానికి పైగా ఓటర్లు పాల్గొన్నారు. 41 వేల ఓట్లలో 310 ఓట్ల తేడాతో ఆమె పదవి నిలిచింది. స్ట్రాంగ్‌కు 1918లో జరిగింది సావంత్‌కు 2021లో జరగలేదు, కానీ 310 ఓట్లంటే రెండు అపార్ట్‌మెంట్ల జనం. సొంత వార్డులో ఓటేసినవాళ్లలో దాదాపు సగం మంది ఆమెను వద్దనుకున్నారన్నది కూడా నిజం.

తెలుగువాళ్లలో ఎక్కువమంది ఆమె పేరు విన్నది 2023లో. ఫిబ్రవరి 21న సియాటిల్ తన వివక్ష నిరోధక చట్టంలో జాతి, మతం, లింగం వంటి అంశాల సరసన కులాన్ని చేర్చింది. అమెరికాలో ఆ పని చేసిన మొదటి నగరం అదే. ఓటు 6-1. వ్యతిరేకించింది సారా నెల్సన్. ఉద్యోగాల్లో, అద్దె ఇళ్లలో, హోటళ్లు దుకాణాల వంటి చోట్ల కులం పేరుతో వివక్ష చూపితే నగర పౌరహక్కుల కార్యాలయంలో ఫిర్యాదు చేయొచ్చు.

ఈ చట్టానికి నేల దున్నింది సావంత్ కాదు, ఏళ్ల తరబడి పనిచేసిన దళిత, అంబేడ్కరైట్ సంఘాలు. బ్రాండైస్ యూనివర్సిటీ 2019లో, కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022లో తమ నిబంధనల్లో కులాన్ని చేర్చింది వాళ్ల కృషితోనే. 2020లో కాలిఫోర్నియా ప్రభుత్వం సిస్కో కంపెనీ మీద, ఒక దళిత ఇంజనీరుపై అగ్రకుల పైఅధికారులు వివక్ష చూపారంటూ వేసిన కేసుతో విషయం పత్రికల మొదటి పేజీలకు వచ్చింది. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన తాను కులం ఏం చేస్తుందో చిన్నప్పటి నుంచీ చూశానని సావంత్ చెప్పుకున్నారు. చేతిలో సీటు ఉంది, పదవీకాలం ఏడాదిలోపే ఉంది, ఇక పోటీ చేయనని అప్పటికే ప్రకటించారు. సంఘాల దగ్గర ఉన్న డిమాండుకు ఆ సీటు దారి ఇచ్చింది.

వ్యతిరేకించినవాళ్ల వాదనలను కొట్టిపారేయడం తేలిక, కానీ వినాల్సినవీ ఉన్నాయి. ఈ చట్టం దక్షిణాసియా వాళ్లందరినీ అనుమానితులుగా నిలబెడుతుందని హిందూ అమెరికన్ సంఘాలు అన్నాయి. పూర్వీకులు, జాతీయ మూలం పేరుతో ఉన్న పాత నిబంధనలే చాలన్నాయి. పనిచేసే చోట తమను అన్యాయంగా చూశారని 67 శాతం దళితులు చెప్పినట్లున్న 2018 సర్వేలో జవాబిచ్చినవారిని శాస్త్రీయంగా ఎంపిక చేయలేదన్నాయి. ఈ చివరి విమర్శలో బలం ఉంది. అంత మాత్రాన చట్టం అక్కర్లేదని కాదు. వివక్ష అరుదైనదే అయితే చట్టం ఎవరికీ అడ్డురాదు. వివక్ష ఉంటే, బాధితుడు హెచ్ఆర్ దగ్గరికి వెళ్లి కులం అంటే ఏమిటో మొదటి నుంచి వివరించాల్సిన అవసరం తప్పుతుంది.

అది కొత్తగా వివరించనక్కర్లేని సమాజం తెలుగువాళ్లది. "మీ ఇంటిపేరేంటి? అసలు మీదే ఊరు?" అని అడిగేవాళ్లకు కావలసింది ఊరు కాదని అడిగేవాళ్లకూ తెలుసు, అడిగించుకునేవాళ్లకూ తెలుసు. అమెరికాలోని తెలుగు సంఘాల చీలికల్లో కులానికి ఎంత పాత్ర ఉందో ఆ సంఘాల్లో తిరిగినవాళ్లు బహిరంగంగానే మాట్లాడుకుంటారు. కారంచేడు, చుండూరు చూసిన నేల నుంచి వెళ్లినవాళ్ల సామానులో అది ఉండకుండా ఎలా ఉంటుంది?

ఒక సంగతి మాత్రం చాలామంది గమనించలేదు. ఆ ప్రాంతంలో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండేది సియాటిల్‌లో కాదు, వాషింగ్టన్ సరస్సు అవతల రెడ్‌మండ్, బెల్‌వ్యూ, సమామిష్‌లలో. మైక్రోసాఫ్ట్ ప్రధాన కార్యాలయం రెడ్‌మండ్‌లో ఉంది. అవి వేరే నగరాలు, వేరే కౌన్సిళ్లు. సియాటిల్ చట్టం వంతెన దాటి పనిచేయదు. సియాటిల్ నడిబొడ్డున ఉన్న అమెజాన్ కార్యాలయానికి వర్తిస్తుంది, ఆ ఉద్యోగి సాయంత్రం తిరిగివెళ్లే బెల్‌వ్యూ అపార్ట్‌మెంట్‌కు వర్తించదు. 2023 సెప్టెంబరులో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో ఇదే బాట పట్టింది. రాష్ట్రం మొత్తానికీ అలాంటి చట్టం చేసేందుకు కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన బిల్లును అక్టోబరులో గవర్నర్ గావిన్ న్యూసమ్ వెనక్కి పంపారు.

తొమ్మిది మందిలో ఒకరు ఇన్ని పనులు చేయించిన ఊరిని చూశాక హైదరాబాద్ గుర్తుకు రావడం సహజం. 2020 డిసెంబరులో జీహెచ్ఎంసీకి 150 మంది కార్పొరేటర్లను ఎన్నుకున్నారు. ఓటేసింది సగానికి తక్కువ మంది. ఓటర్ల బద్ధకం అని తేల్చేయడం అన్యాయం, ఎందుకంటే ఆ సీటు చేతిలో ఉన్నది చాలా తక్కువ. కనీస వేతనం నిర్ణయించేది రాష్ట్రం. కమిషనర్‌ను నియమించేది రాష్ట్రం. 2015 జూలైలో హైదరాబాద్ పారిశుద్ధ్య కార్మికులు సమ్మె చేస్తే జీతం 8,500 నుంచి 12,500 రూపాయలకు పెంచింది అప్పటి ముఖ్యమంత్రి చంద్రశేఖరరావు. ఆ రోజుల్లోనే 1,200 రూపాయల లోపు ఇంటిపన్నును 101 రూపాయలకు తగ్గించింది కూడా రాష్ట్ర ప్రభుత్వమే. అప్పటికి జీహెచ్ఎంసీలో పాలకవర్గమే లేదు. 2014 డిసెంబరులో గడువు ముగిసింది, ఎన్నికలు 2016 ఫిబ్రవరిలో జరిగాయి. పద్నాలుగు నెలలు కార్పొరేటర్లు లేకుండా కోటి మంది నగరం నడిచిపోయింది! 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ పన్నెండో షెడ్యూల్‌లో 18 అంశాలు నగరాలకు ఇవ్వొచ్చని రాసింది. ఇవ్వాలా వద్దా అన్నది రాష్ట్రాలకు వదిలేసింది.

అందువల్లే తెలుగు నగరాల్లో బస్తీల్లో పనిచేసే కార్యకర్తలు వినతిపత్రాలు పట్టుకుని మంత్రి దగ్గరికి వెళతారు, వార్డు ఆఫీసుకు కాదు. వాళ్లలో సత్తా తక్కువై కాదు. సంతకాలు ఎన్ని సేకరించినా వాటిని ఓటుగా మార్చే చట్టం ఇక్కడ లేదు. అధికారం ఎక్కడుందో పోరాటం అక్కడికే పోతుంది.

సావంత్ 2023లో మళ్లీ పోటీ చేయలేదు. 'వర్కర్స్ స్ట్రైక్ బ్యాక్' పేరుతో దేశవ్యాప్త ఉద్యమం కడతానని వెళ్లారు. ఆమె స్థానంలో జాయ్ హాలింగ్స్‌వర్త్ గెలిచారు. సావంత్ పార్టీ నుంచి కౌన్సిల్‌కు మరొకరు రాలేదు. ఇది ఆమె పద్ధతిలో ఉన్న పెద్ద లోటు. తోటి సభ్యులను ఎదిరించడమే నియమంగా పెట్టుకున్నవాళ్లు దిగిపోయేటప్పుడు తమ పని అప్పగించడానికి సభలో ఎవరూ మిగలరు. భారత్ విషయంలోనూ ఆమె ఊరుకోలేదు. పౌరసత్వ సవరణ చట్టాన్ని ఖండించే తీర్మానాన్ని 2020 ఫిబ్రవరిలో కౌన్సిల్ చేత ఏకగ్రీవంగా చేయించారు. బెంగళూరులో జబ్బుపడిన తల్లిని చూడటానికి వీసా అడిగితే భారత ప్రభుత్వం పదేపదే నిరాకరించింది. 2025 ఫిబ్రవరిలో ఆమె సియాటిల్‌లోని కాన్సులేట్‌లో బైఠాయించారు. తీర్మానం మీద ఎవరి అభిప్రాయం ఏదైనా, జబ్బుతో ఉన్న తల్లికీ కూతురికీ మధ్య వీసాను అడ్డుపెట్టడం పెద్ద దేశం చేయాల్సిన పని కాదు. అదే ఏడాది జూన్‌లో, డెమోక్రాట్ ఆడమ్ స్మిత్ మీద 2026లో అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్‌కు పోటీ చేస్తానని ప్రకటించారు.

2025 నవంబరులో సియాటిల్ మేయర్‌గా కేటీ విల్సన్ ఎన్నికయ్యారు. ఆమె కూడా ఉద్యమకారిణే. బస్సు ప్రయాణికుల సంఘాన్ని 2011లో స్థాపించినవారిలో ఒకరు. అంతకు ముందు ఏ పదవికీ పోటీ చేయలేదు. పక్కనున్న టక్‌విలాలో కనీస వేతనం పెంచే ఓటింగుకు సంతకాలు సేకరించిన ప్రచారాన్ని నడిపారు, జంప్‌స్టార్ట్ పన్ను రూపకల్పనలోనూ పనిచేశారు. పదవిలో ఉన్న బ్రూస్ హారెల్ మీద సుమారు 2 వేల ఓట్లతో, ఎప్పటిలాగే చివరి రోజుల పోస్టల్ ఓట్లు లెక్కించాక, గెలుపు తేలింది. సావంత్‌లా ఆమె విడి పార్టీ మనిషి కాదు, డెమోక్రాట్లతో, యూనియన్లతో కూటములు కట్టి పనిచేసే మనిషి. ఆమె కుర్చీలో కూర్చునేటప్పటికి సియాటిల్ కనీస వేతనం గంటకు 21 డాలర్ల 30 సెంట్లు.